నా కోపానికి గ్రూపు లేదు

నాకు ఇప్పుడు బాగానే ఉంది. గుండె తన దారిన తాను కొట్టుకుంటోంది. చేతులు వణకడం లేదు. ఫ్యాను లేకుండా కూడా కాసేపు కూర్చోగలుగుతున్నాను. థైరాయిడ్ అదుపులోకి వస్తే కోపం కూడా పోతుందని మా ఇంట్లో అందరూ ఎదురుచూశారు. పోవాల్సిన కోపం పోయింది. అన్నంలో రాయి తగిలితే కంచం తోసేసే కోపం, గేదె అరిచినా ఏడుపొచ్చే చిరాకు, అవి మందులతో పోయాయి. ఇంకొక కోపం మిగిలింది. అది ఏ మందుకీ పోదని ఇప్పుడు తెలుస్తోంది. రాస్తే కొంచెం నిలకడ వస్తుందేమో అని రాస్తున్నాను.

నేను మాటలు తక్కువ మనిషిని. నలుగురిలో నోరు విప్పడం చేతకాక డైరీ మొదలుపెట్టాను. అందులోంచి కొంత తీసి, వరసలో పెడుతున్నాను. మీ ఇంట్లో నెమ్మదైన పిల్ల ఉన్నట్టుండి విసుక్కుంటుంటే, బాగా తింటూనే చిక్కిపోతుంటే, ఆ పిల్ల స్వభావం గురించి తీర్పు చెప్పే ముందు ఒక్కసారి ఆమె మెడ చూడండి. ఈ ఒక్క ముక్క కోసమైనా చివరిదాకా చదవండి.

1998, వేసవి

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాన్నకి వరి పొలం, కొంచెం కొబ్బరి తోట. అమ్మకి ఒక్కడే అన్నయ్య. ఆయనకి మొగల్తూరులో మందుల షాపు ఉంది. మా రెండిళ్ళలో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా మొదటి మాటా చివరి మాటా మావయ్యదే. చుట్టుపక్కల ఊళ్ళలో రక్తదాన శిబిరాలు కూడా పెట్టించేవాడు. నేను నరసాపురంలో డిగ్రీ చదివేటప్పుడు మా కాలేజీలోనూ పెట్టించాడు. అక్కడే నాది బి పాజిటివ్ అని తేల్చారు. ఆ రోజు నుంచి మావయ్యకి నేను 'బి'ని.

ఆయనకి గ్రూపుల పిచ్చి. జపాన్‌లో మనిషి స్వభావాన్ని బ్లడ్ గ్రూపును బట్టి చెబుతారని ఏదో వారపత్రికలో చదివాడు. దానికి తనకి తెలిసిన వాత పిత్త కఫాలు కలిపాడు. ఓ గ్రూపంటే కఫం, నిదానం, పెట్టే చెయ్యి. 'ఏ' గ్రూపంటే వాతం, అనుమానం, నిలకడలేనితనం. బి అంటే పిత్తం, మొండితనం, ముక్కు మీద కోపం. ఏబీ వాళ్ళది రెండు పడవల మీద కాళ్ళు. షాపుకి వచ్చిన వాళ్ళకి మాత్రలతో పాటు ఇది కూడా పొట్లం కట్టి ఇచ్చేవాడు. జనం ఇష్టంగా వినేవారు. అమ్మది 'ఏ' గ్రూపు. కూరలో ఉప్పెక్కువైతే, 'ఏ' గ్రూపు కదా, ఆలోచిస్తూ రెండుసార్లు వేసుంటుంది అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను.

మావయ్య కొడుకు రాంబాబు బావకీ నాకూ పెళ్ళని నేను ఉయ్యాల్లో ఉన్నప్పుడే అనుకున్నారట. అమ్మకి ఒక్కటే భయం. మేనరికం చేసుకుంటే పిల్లలు అవకరంతో పుడతారని రేడియోలో ఎవరో డాక్టరు చెప్పగా విన్నది. ఆ భయాన్ని మావయ్య ఒక్క మాటతో తీసేశాడు.

"ఒకే గ్రూపు అయితేనే ప్రమాదమే చెల్లీ. అమ్మాయి బి, అబ్బాయి ఓ. ఇంకేం కావాలి నీకు?"

మా వైపు చాలామంది నమ్మేది ఇదే. ఒకే గోత్రం వాళ్ళు పెళ్ళి చేసుకోకూడదన్నట్టే ఒకే గ్రూపు వాళ్ళూ చేసుకోకూడదు. ఎప్పుడో ఎవరో సైన్సు పేరుతో అన్నారు, అది గోత్రం పక్కన వెళ్ళి కూర్చుంది. జాతకాలతో పాటు గ్రూపు అడిగే ఇళ్ళు నాకే తెలుసు.

బావ చెడ్డవాడు కాదు. భీమవరంలో చేపల మేత వ్యాపారం చేస్తాడు. నవ్విస్తాడు. నాకు అతన్ని పెళ్ళి చేసుకోవాలని లేదు, అంతే. మా ఇంట్లో 'అంతే' అనేది కారణం కింద చెల్లదు.

ఆ ఎండాకాలంలోనే నా ఒళ్ళు మారడం మొదలైంది. అందరికీ ఉక్కగా ఉంటే నాకు నిప్పుల మీద కూర్చున్నట్టుండేది. ఆకలి విపరీతం. నాన్న కన్నా ఎక్కువ తినేదాన్ని. అయినా జాకెట్లు వదులైపోయాయి. గిన్నెలోంచి గిన్నెలోకి పాలు పోస్తే సగం బయటే. మెట్లెక్కితే గుండె గొంతులోకి వచ్చేది. పుస్తకం తీస్తే ఒక పేరా మీద కళ్ళు నిలిచేవి కావు. అన్నిటికన్నా ఎక్కువగా ఏడిపించింది అదే.

శ్రావణ మాసం

మావయ్య ముహూర్తాల మాట పట్టుకొని వచ్చాడు. వరండాలో నాన్న, ఆయన, అమ్మ కూర్చున్నారు. నేను మంచినీళ్ళు పట్టుకెళ్ళాను. దసరా వెళ్ళాక పెట్టుకుందాం అంటున్నారు. నన్ను అడగలేదు. నేను నిలబడే ఉన్నాను.

"నాకీ పెళ్ళి ఇష్టం లేదు" అన్నాను.

అది నా గొంతులా లేదు. గట్టిగా, వణుకుతూ వచ్చింది. అమ్మ లోపలికి పొమ్మంది. పోలేదు. నాన్న నా మొహంలోకి చూసి, ఆ చూపేంటి, పెద్దవాళ్ళ ముందు కళ్ళురుముతావా అన్నారు. నేను ఉరమలేదు. మామూలుగానే చూస్తున్నాననుకున్నాను.

మావయ్యకి కోపం రాలేదు. నవ్వాడు. "వదిలెయ్ బావా. మాట్లాడుతోంది మన పద్మ కాదు, బి గ్రూపు. పిత్తం తలకెక్కింది. చలవ చేస్తే అదే దిగుతుంది."

ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ పళ్ళు బిగుసుకుంటాయి. నా జన్మలో పెద్దవాళ్ళ ఎదుట ధైర్యం చేసి చెప్పిన మొదటి మాట అది. దాన్ని తీసుకెళ్ళి పిత్తపు తేన్పుల పక్కన పెట్టాడు.

నన్ను ఊళ్ళో ఆయుర్వేదం చూసే ఆచారి గారి దగ్గరికి తీసుకెళ్ళారు. పెద్దాయన, నెమ్మదైన మనిషి. నాడి పట్టుకొని కళ్ళు మూసుకున్నారు. నేను నోరు తెరిచేలోపే మావయ్య పిత్త ప్రకృతి అనడం, ఆయన తలూపడం అయిపోయాయి. ఇక సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు, ఉసిరి లేహ్యం, నడినెత్తిన ఆముదం. కారం బంద్. పుస్తకాలు కూడా బంద్, చదివితే వేడి చేస్తుందట. పెళ్ళి మాట కొన్నాళ్ళు పక్కన పెట్టారు, నేను వద్దన్నందుకు కాదు, నాకు చలవ చేయాలని.

ఇరవై రెండేళ్ళు ఎవరినీ పల్లెత్తు మాట అనని దాన్ని. నా ప్రకృతి పిత్తమైతే, నా గ్రూపు కోపమైతే, అన్నాళ్ళూ అది ఎక్కడ దాక్కుంది? ఒక్కరికీ ఈ ప్రశ్న రాలేదు. నాకు వచ్చింది. డైరీలో రాసుకున్నాను. అక్షరాలు వంకరగా పోయాయి.

అమ్మకి తెలియకుండా శాఖా గ్రంథాలయానికి వెళ్ళాను. ఆయుర్వేదం మీద ఒక పాత పుస్తకం దొరికింది, అట్ట లేదు. ప్రకృతి గురించి అందులో ఉంది. మనిషికి తగిన తిండీ మందూ ఎంచడానికి దాన్ని తెలుసుకోమన్నారు. మనిషి నోరు మూయించడానికి అని ఎక్కడా లేదు. రోగిని చూడాలి, తాకాలి, అడగాలి అని ఉంది. దర్శనం, స్పర్శనం, ప్రశ్న. నన్ను చూశారు, కళ్ళురుముతున్నానన్నారు. తాకారు, పిత్తమన్నారు. అడగడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. గ్రీకులకీ ఇలాంటి లెక్కే ఉండేదని, నాలుగు రసాలను బట్టి నాలుగు రకాల మనుషులనీ మరో పుస్తకంలో చదివాను. ఇప్పుడు జపాన్ పేరు చెప్పి నాలుగు గ్రూపులు. పేర్లు మారుతున్నాయి. మనిషిని నాలుగు సీసాల్లో ఏదో ఒకదాంట్లో పోసి మూత బిగించాలన్న సరదా మారడం లేదు.

కార్తీక మాసం

చలవ చేసిన కొద్దీ నేను ఎండిపోయాను. దువ్వెనకి జుట్టు ఉండలుగా వచ్చేది. చలిలో అందరూ దుప్పట్లు కప్పుకుంటే నేను గచ్చు మీద పడుకునేదాన్ని. కళ్ళ గొడవ ఎక్కువైంది. ఎవరు వచ్చినా, ఎందుకే అలా మింగేసేలా చూస్తావు అనేవారు. రెప్పలు దించుకోమని అమ్మ పక్కనుంచి మెల్లిగా గిల్లేది. దించుకునేదాన్ని. పూర్తిగా దిగేవి కావు. తల దించుకునే బతికిన దాన్ని, నా చూపు నా మాట వినకుండా పోయింది.

కళ్ళజోడు పెడితే ఆ చూపు కనబడదని చివరికి అమ్మే ఉపాయం చెప్పింది. భీమవరంలో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. గదిలో ఆవిడ నా ఎదురుగా కూర్చొని, తల కదపకుండా తన వేలిని చూస్తూ చూపు కిందికి దించమంది. రెండుసార్లు అలా చేయించింది. తర్వాత కళ్ళు వదిలేసి నా మెడ వైపు చూసింది. గ్లాసుతో నీళ్ళిచ్చి గుటక వేయమంది. చేతులు చాపమని, వేళ్ళ మీద ఒక కాగితం పెట్టింది. కాగితం రెపరెపలాడింది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా ఇలా?" అంది.

నేను చెప్పబోయేలోగా అమ్మ అందుకుంది. బి గ్రూపండి, కోపం ఎక్కువండి, అందరినీ అలాగే చూస్తోందండి అని.

"ఈ అమ్మాయి కోపంగా చూడటం లేదండి" అంది డాక్టరు. "రెప్ప దిగడం లేదు. థైరాయిడ్ గ్రంథి పెరిగింది."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఏడవలేదు. బస్సులో ఇంటికి వస్తూ ఆ మాటనే మళ్ళీ మళ్ళీ అనుకున్నాను. ఇన్ని నెలల్లో నా గురించి ఎవరైనా అన్న నిజం అదొక్కటే.

పుష్యం, రాజమండ్రి

రాజమండ్రిలో గ్రంథుల జబ్బులు చూసే డాక్టరు రక్తం తీసి హైదరాబాద్ పంపారు. మాత్రలు రాశారు. ఆపకుండా వేసుకోమని గట్టిగా చెప్పారు. వేసుకుంటే కొంచెం తేలికపడ్డాను. అంతలో ఒంటి మీద దద్దుర్లు వచ్చాయి. ఇంగ్లీషు మాత్రలు వేడి, పిత్తం ఒంటికి పడవని మావయ్య అన్నాడు. మందుల షాపు నడిపే మనిషి అన్నాడు. అమ్మ మాత్రలు దాచేసింది. కొన్నాళ్ళకి జ్వరం వచ్చింది. గుండె ఆగకుండా పరుగెత్తింది, ఊపిరి దానికి అందలేదు. బావ కారు మాట్లాడి రాజమండ్రి తీసుకొచ్చాడు. నాకు గాలి తగలాలని దారంతా కిటికీ అద్దం దించి పట్టుకొని కూర్చున్నాడు. చలికి వణుకుతూనే పట్టుకున్నాడు. అది నేను మర్చిపోను. దానికి బదులుగా పెళ్ళి ఇవ్వాలని మాత్రం ఒప్పుకోను.

ఆసుపత్రిలో మంచం ఖాళీ లేక కొంతసేపు వరండాలో బల్ల మీద పడుకోబెట్టారు. పక్కన జంగారెడ్డిగూడెం నుంచి వచ్చిన ఒకావిడ, వాళ్ళాయన కోసం ఎదురుచూస్తోంది. తన తువ్వాలు కుళాయి కింద తడిపి తెచ్చి నా మెడ మీద వేసింది. "ఉడుకుగా ఉందా అమ్మా? ఇక్కడా, ఇక్కడా?" అని అడిగింది. నాది ఏ ఊరో, ఏ గ్రూపో అడగలేదు. ఆరిపోయినప్పుడల్లా లేచి వెళ్ళి తడిపి తెచ్చింది. ఆవిడ పేరు నేను అడగలేదు. అడిగే ఓపిక లేదు, తర్వాత వెతికితే కనబడలేదు.

ఆపరేషన్ అవసరం పడొచ్చని ముందుగానే అన్ని పరీక్షలూ చేశారు. మర్నాడు నర్సు వచ్చి నా మంచం దగ్గర చదివింది. గ్రూపు ఓ పాజిటివ్.

మావయ్య కాదన్నాడు. బి అన్నాడు. తను పెట్టించిన శిబిరంలో చూశారన్నాడు. మళ్ళీ చేయించాడు. మళ్ళీ ఓ. లాబ్ అతను విసుక్కోకుండా గాజు పలక తెచ్చి చూపించాడు, రక్తం ఎక్కడ గుంపు కడుతుందో, ఎక్కడ కట్టదో. ఆ రోజు కాలేజీలో రద్దీలో ఎవరి చుక్కో నాదనుకున్నారు, అంతే. నేను ఏ రోజూ బి కాదు. ఇన్నేళ్ళ నా మొండితనం, పిత్తం, ముక్కు మీద కోపం ఇంకెవరో పిల్లవి. ఆ పిల్ల ఎక్కడుందో, పాపం ఓ అనిపించుకొని నెమ్మదస్తురాలిగా చలామణి అవుతోందేమో.

మావయ్య తల దించుకొని బయటికి నడిచాడు. సిగ్గుపడ్డాడని నేననుకున్నాను. కాదు. తలుపు అవతల నాన్నతో అంటుంటే విన్నాను.

"ఇద్దరూ ఓ అయ్యారు బావా. ఇంకెలా చేస్తాం? తెలిసి తెలిసి పిల్లల గొంతు కోస్తామా?"

అలా పెళ్ళి ఆగిపోయింది. అమ్మ మంచం పక్కన కూర్చొని ఏడ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. నాకు ఉపశమనం కలగాల్సింది. గుండె మళ్ళీ దడదడలాడింది, ఈసారి జబ్బుతో కాదు. నిలబడి, గొంతెత్తి, అందరి ఎదుటా వద్దన్నాను. అది పనిచేయలేదు. గాజు పలక మీద ఒక చుక్క పనిచేసింది. అది కూడా తప్పుడు నమ్మకం వల్ల పనిచేసింది.

రెండు రోజులు కాకుండానే మావయ్య తేరుకున్నాడు. వచ్చినవాళ్ళతో, ఓ గ్రూపు కాబట్టే ఇంత జబ్బునీ తట్టుకుంది, మొదటి నుంచీ శాంత స్వభావమే కదా అని చెప్పడం మొదలుపెట్టాడు. ఈ మాట విన్నాక నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

1999, వేసవి

ఆపరేషన్ అక్కర్లేకపోయింది. వేరే మాత్రలు మార్చారు, అవి పడ్డాయి. ఒళ్ళు చేశాను. రెప్పలు చాలావరకు దిగాయి. పుస్తకంలో పేజీలు తిరుగుతున్నాయి. చూడటానికి వచ్చినవాళ్ళు మన పిల్ల మనకి దక్కింది అన్నారు. అంటే మాట్లాడని పిల్ల. అందరూ నన్ను ఓదార్చారు కూడా, రక్తం కలవక సంబంధం పోయిందని.

నేను ఊరుకోవచ్చు. ఊరుకుంటే నాకు కావలసింది నాకు దక్కినట్టే. చాలా రోజులు ఊరుకున్నాను. ఆ ఓదార్పులు వింటుంటే మట్టి తిన్నట్టుండేది.

రాజమండ్రిలో చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు, అమ్మ బయట ఉండగా, డాక్టరు గారిని నేనే అడిగాను. ఇద్దరిదీ ఒకే గ్రూపు అయితే పెళ్ళి చేసుకోకూడదా అని. ఆయన ఆశ్చర్యపోయారు. ఏమీ కాదమ్మా, లోకంలో సగం మంది అలాగే చేసుకుంటున్నారు అన్నారు. భార్యది నెగటివ్, భర్తది పాజిటివ్ అయితే జాగ్రత్త కావాలి, దానికీ ఇంజెక్షన్ ఉందన్నారు. మేనరికంలో కొంత ప్రమాదం ఉన్న మాట నిజమే, కానీ అది దగ్గరి చుట్టరికం వల్ల వచ్చేది, గ్రూపులు వేరైనా పోదు, ఒకటైనా పెరగదు అన్నారు. గ్రూపును బట్టి స్వభావం ఉంటుందా అని కూడా అడిగాను. ఉంటే నా పని ఎంత సులువయ్యేదో అని నవ్వారు.

వైశాఖంలో మావయ్య వచ్చాడు. బావకి సంబంధాలు చూస్తున్నామని చెప్పాడు. నాతో మెత్తగా, "నీ తప్పేం లేదే తల్లీ. రక్తం కలవలేదు, ఏం చేస్తాం? నీకు మంచి బి గ్రూపు కుర్రాణ్ణి చూసి పెడతాను" అన్నాడు.

"ఒకే గ్రూపు అయితే ఏమీ కాదు మావయ్యా" అన్నాను.

"ఎవరన్నారు?"

"డాక్టరు గారు. నేను అడిగాను."

అమ్మ కాఫీ గ్లాసు బల్ల మీద పెడుతూ ఆగిపోయింది. డాక్టరు చెప్పిందంతా చెప్పాను, చుట్టరికం సంగతి కూడా. దాన్ని ఆయన చేత్తో తోసేశాడు. మీ అమ్మమ్మది మేనరికం, నాది మేనరికం, ఎవరికేమైంది అన్నాడు. ఆ వెంటనే ఆయన మొహం వెలిగింది. నాన్న కూడా కుర్చీలో ముందుకు జరిగారు.

"అయితే అడ్డేం లేదన్నమాట."

నేను చేసింది ఏమిటో అప్పుడు ఒళ్ళంతా తెలిసింది. పొరపాటున నా మంచికే మూసుకున్న తలుపును నా చేత్తో నేనే తీశాను. అయినా ఆ పొరపాటు వెనక దాక్కొని బతకలేను.

"గ్రూపుల అడ్డు లేదు. నేను ఒప్పుకోను. పోయిన శ్రావణంలోనే చెప్పాను. అప్పుడూ చెప్పింది నేనే."

మావయ్య నా కళ్ళ వైపూ మెడ వైపూ చూశాడు. "మందులు వేసుకుంటున్నావా?" అన్నాడు.

"వేసుకుంటున్నాను మావయ్యా. వేసుకునే చెబుతున్నాను."

నాన్న నేల చూశారు. మావయ్య లేచి నిలబడ్డాడు. నా కొడుక్కేం తక్కువే అన్నాడు. నాలుగు పుస్తకాలు చదివానని గర్వం అన్నాడు. చలిలో కిటికీ పట్టుకొని కూర్చున్నవాడి మీద విశ్వాసం లేనిదానివి, పెంచిన చేతిని కాదన్నదానివి అన్నాడు. కాఫీ ముట్టకుండా చెప్పులు వేసుకొని వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి రెండిళ్ళ మధ్య మాటల్లేవు. అమ్మ నాతో అవసరమైనంతే మాట్లాడుతోంది. ఇది నాకు బాధగానే ఉంది.

కానీ ఆయన వెళ్ళిపోయాక అక్కడే నిలబడి ఆ తిట్లన్నీ మళ్ళీ ఒక్కొక్కటిగా గుర్తు చేసుకున్నాను. పిత్తం అనలేదు. వేడి అనలేదు. గ్రూపు అనలేదు. నేను పుట్టాక మొదటిసారి మావయ్య నన్నే తిట్టాడు.